తొమ్మిదో బ్లాకు అసలు వీడియో

మా అమ్మను దొంగ అని చూపించిన వీడియో తయారు చేసింది నేనే. ఈ మాట ముందే కక్కేస్తే నాకు కాస్త తేలిక. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఊరంతా అంటుంది. అబద్ధం కాదు. ఆ కోపం కనిపించిన వాళ్లందరి మీదా చూపించాక, చివరికి అది నా మీదికే తిరిగి వచ్చింది.

మాది కర్ణాటకలో పావగడ తాలూకా రాయచెర్లు. తాతల నాడు గొర్రెల మందలు, తర్వాత వేరుశనగ, ఇప్పుడు మా చేను మీద సోలార్ పార్కు. నేను డిప్లొమా చదివి పార్కులోనే ఒక కాంట్రాక్టరు దగ్గర చేరాను. డ్రోన్ ఎగరేసి, ప్యానెళ్లలో ఎక్కడెక్కడ ఎంత వేడి ఉందో వీడియో తీయడం వాళ్ల పని. ఎగరేసేది చందన్, వై.ఎన్.హొసకోట వాడు. వాడు తీసుకొచ్చిన వీడియోలను కంప్యూటర్లో మార్చి, చిన్నవి చేసి పైవాళ్లకు పంపేది నేను. మా అమ్మ వెంకటక్క అదే పార్కులో ప్యానెళ్లు కడిగే ముఠాకు మేస్త్రి. ఆమె కాక ఇంకో ఏడుగురు ఆడవాళ్లు. తెల్లవారకముందే ట్రాక్టరు ట్యాంకరు వెంట నడుస్తూ, పొడుగాటి కర్రలకు కట్టిన బ్రష్షులతో ఎండెక్కేలోగా కడిగేస్తారు. కడిగిన వరుసకు బుక్కులో అమ్మ సంతకం పెడుతుంది.

ఆ శుక్రవారం మధ్యాహ్నం సైట్ మేనేజర్ మధుకుమార్ ముఠా మొత్తాన్నీ మా కంటైనర్ ఆఫీసుకు పిలిపించాడు. తుమకూరు మనిషి. తెలుగు వచ్చు గానీ కోపమొస్తే కన్నడంలోకి జారిపోతాడు. గోడకున్న టీవీలో వీడియో పెట్టించాడు. నేను కీబోర్డు దగ్గర కూర్చుని ఉన్నాను. నేను చేసిన వీడియో అంత పెద్ద టీవీలో పడుతోందని లోపల కొంచెం గర్వంగా కూడా ఉంది. సిగ్గు లేకుండా చెబుతున్నాను.

"నోడమ్మా వెంకటక్కా, ఇది తొమ్మిదో బ్లాకు. మూడు వారాలుగా కరెంటు తక్కువ వస్తావుంది. ఎందుకని చూస్తే ఇదీ సంగతి. మచ్చలు చూడు. అంతా దుమ్ము. మీరు ఈ వరుసలు కడగనే లేదు, కడిగినట్టు సంతకం మాత్రం పెట్టినారు."

"కడిగినాం సార్," అంది అమ్మ. "పోయిన మంగళవారమే కడిగినాం. నేనే పైపు పట్టుకోనుంటిని."

"మరి ఈ మచ్చలేంది?"

అమ్మ టీవీ వైపు చూసింది. ఎరుపూ పసుపూ కలిసి, ప్యానెళ్ల మీద ఎవరో బురద చల్లినట్టే ఉంది. తిరిగి నా వైపు చూసింది. "నేత్రా, నీకు తెలుసు కదమ్మా ఈ బొమ్మల సంగతి. చెప్పు సార్‌కి."

నాకేం తెలుసు? నాకూ మచ్చలే కనిపించాయి. చెప్పడానికేమీ లేక అరిచాను. ఎవర్ని పట్టుకుని దొంగలంటున్నారు, మా ఊరి వాళ్లంటే మీకు అంత లోకువా అని నోటికొచ్చినట్టు మాట్లాడాను. మధుకుమార్ నేను ఊపిరి తీసుకునే దాకా ఆగాడు.

"సోమవారం పదకొండుకు మీటింగు. ఆ రోజు నుంచి కొత్త ముఠా వస్తుంది. దొంగసంతకం పెట్టినవాళ్లను ఇంక ఏ బ్లాకులోకీ రానిచ్చేది లేదు. ఆయ్తు, అయిపోయింది, పోండి."

ఎనిమిది మందీ వరసగా బయటికి నడిచారు. ఏడ్చిన వాళ్లు ముగ్గురు. అమ్మ ఏడవలేదు. ఇంటికొచ్చి, ముద్ద కలిపి, తినకుండా పళ్లెం పక్కకు జరిపింది.

"పని పోతే ఇంగో పని చూసుకుంటాం నేత్రా. యాడన్నా కలుపు తీస్తాం. దొంగసంతకం అనినాడే, ఆ మాట యాడ పోతుంది? నీ పెండ్లికి చూసేకొచ్చినోళ్లు కూడా అదే అడుగుతారు."

"నా పెండ్లి సంగతి ఇప్పుడెందుకమా," అని ఆమె మీదా అరిచాను. చూశారా, నా తీరే అంత.

శనివారం పొద్దున్నే ఆఫీసుకు వెళ్లి చందన్ మీద పడ్డాను. "నీ డ్రోన్‌కి కండ్లు పోయినాయా? మబ్బుల్లో ఎగరేసినావా ఏంది?"

వాడు టిఫిన్ డబ్బా మూత పెట్టి నింపాదిగా అన్నాడు. "నన్ను తిట్టేకే ఇంత పొద్దున్నే తలకు పోసుకోని వచ్చినావా అక్కా? నేను ఎగరేసినప్పుడు నా చేతిలో ఉండే స్క్రీన్లో మచ్చలు లేవు. గీతలుండాయి."

"గీతలేంది?"

"ప్యానెల్ మీద నిలువుగా, పట్టీల మాదిరి. కొన్ని ప్యానెళ్లలోనే. నాకేం తెలుసు, నేను ఎగరేసేవాణ్ణి. అర్థం చేసుకునేదానివి నువ్వు కదా."

వాడు తెచ్చిన అసలు వీడియో హార్డ్ డిస్కులో అలాగే ఉంది. దాన్ని మామూలు ప్లేయర్లు తెరవలేవు, అందుకే మార్చి పంపేది. మార్చడానికి నేను వాడేది ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే సాఫ్ట్‌వేరు. బటన్లూ బొమ్మలూ ఉండవు, నల్ల తెర మీద ఒక్క లైను కమాండు కొట్టాలి, అంతే. ఆ లైను మార్చి నెలలో నేనే రాశాను. ఇక్కడ సిగ్నల్ అంతంత మాత్రం, వాట్సాప్‌లో పోయేంత చిన్నది చేసి పంపు అని మధుకుమార్ అంటే, రెండు రోజులు తంటాలు పడి రాసి, అప్పట్నుంచీ ప్రతి వీడియోకీ అదే కొడుతున్నాను. పని చేస్తోంది కాబట్టి అందులో తప్పుందని ఎవరికీ తోచలేదు. నాకు అసలే తోచలేదు.

ఆ లైనును ఆ రోజు మొదటిసారి పరాయి వాళ్లు రాసినట్టు చదివాను.

ఆ కెమెరా తీసేది పదహారు బిట్ల బొమ్మ. నలుపు నుంచి తెలుపు దాకా అరవై అయిదు వేల మెట్లున్న నిచ్చెన అనుకోండి. ఒక్కో మెట్టు ఒక్కో వేడి. ఫోన్లకూ టీవీకీ అన్ని మెట్లు అక్కర్లేదు, రెండు వందల యాభై ఆరు చాలు. దాన్ని ఎనిమిది బిట్లంటారు. నా కమాండు ఆ పెద్ద నిచ్చెనను ఉన్నదున్నట్టు నొక్కి పొట్టిది చేసేది. కానీ మా ప్యానెళ్ల వేడి మొత్తం ఆ నిచ్చెనలో ఒక మూల, రెండు మూడు వేల మెట్లలోనే ఉంటుంది. నొక్కాక దానికి మిగిలినవి పదో పన్నెండో. అయిదు డిగ్రీల తేడా ఉన్నచోట రెండు మెట్ల తేడా మిగిలింది. మనిషి కంటికి అది ఆనదు.

అంతటితో ఆగానా? వాట్సాప్ కోసం వెడల్పును సగానికన్నా తక్కువకు కుదించాను. అంటే పక్కపక్క చుక్కలన్నీ కలగలిసి ఒక్క చుక్కయ్యాయి. సన్నటి గీతలు ఏవైనా ఉంటే అక్కడే చచ్చాయి. బొమ్మ మసకగా ఉందని మధుకుమార్ అన్నప్పుడు, మిగిలిన ఆ పది మెట్లనే సాగదీసి ఎరుపూ పసుపూ పూశాను. చచ్చిన గీతల వేడే అలుక్కుపోయి మచ్చలై తేలింది అప్పుడే. అవి దుమ్ము కావు. నేను పూసినవి.

చందన్ నీళ్ల సీసా ఇచ్చాడు, పాపం.

తప్పు దొరికాక దిద్దడం అంత కష్టం కాదనుకున్నాను. ముందు పదహారు బిట్లలోనే ఉంచి, మా ప్యానెళ్ల వేడి ఉన్న ఆ మూలను మాత్రం నలుపు నుంచి తెలుపు దాకా సాగదీయాలి. ఎనిమిదికి దించడం ఆ తర్వాతే. వరుస మార్చి కొట్టాను. మచ్చలు మాయమయ్యాయి. చందన్ చెప్పిన గీతలు వచ్చాయి గానీ, వెంట్రుకల్లా ఉన్నాయి. ఒక్క ఫ్రేములో వందల ప్యానెళ్లు. టీవీ అంత పెద్దది చేస్తే సాఫ్ట్‌వేరు చుక్కకీ చుక్కకీ మధ్య నునుపు చేసేస్తోంది, గీతలు అలుక్కుపోతున్నాయి. ఇది చూపిస్తే మధుకుమార్ ఇవీ మచ్చలే అంటాడు. పెద్దది చేసే పద్ధతులు ఉన్నవన్నీ మార్చి చూశాను. మధ్యాహ్నం దాకా అదే పని. చివరికి మౌసును గోడకేసి కొట్టి బయటికొచ్చేశాను.

పార్కు కంచె బయట ముత్యాలప్ప పెద్నాయన గొర్రెలను ఆపి ఉన్నాడు. మా నాన్నకు అన్న. మా ఇంటివాళ్లలో మంద వదలనిది ఆయనొక్కడే. తొలకరి పడ్డాక గొర్రెలకు జ్వరాలొస్తాయి, ఆ రోజు ఆయన జ్వరాలు చూస్తున్నాడు. ముళ్లకంప అడ్డం వేసి, మనిషి మోకాళ్ల వెడల్పున సందు వదిలాడు. నేను మంద పక్కన నిలబడి చూస్తుంటే కసిరాడు.

"అంత దూరం నుంచి మందనంతా చూస్తే ఏం తెలుస్తుందే, బొమ్మలాట చూసినట్ల! వచ్చి ఈ కంప పట్టుకో. ఒక్కోదాన్నే వదులు."

కంప పట్టుకున్నాను. గొర్రెలు ఒక్కొక్కటే సందులోంచి దూరుతుంటే ఆయన వాటి చెవి మొదట్లో చెయ్యి పెట్టి వదిలేస్తున్నాడు. నూటికి పైగా ఉన్న మందలో నాకైతే అన్నీ ఒకేలా కనిపించాయి. ఇరవై దూరేలోగా ఆయన రెండింటిని పక్కకు లాగి కట్టేశాడు. "కాలిపోతావుండాయి," అన్నాడు.

అప్పుడు తట్టింది నాకు. మందనంతా ఒకే తెర మీద చూపించాలని నేనెందుకు చస్తున్నాను? కంప అక్కడే పడేసి పరుగెత్తాను.

"ఏయ్ నేత్రా! ఇంగా ఎనభై ఉండాయే!" అని పెద్నాయన అరుస్తూనే ఉన్నాడు. తర్వాత వారం రోజులు నాతో మాట్లాడలేదు.

కుదించడం మానేశాను. అసలు వీడియోలోంచి ఒక్కో ప్యానెల్ ముక్కనే కత్తిరించాను. దాన్ని పెద్దది చేసేటప్పుడు నునుపు చేయకుండా, ఒక్కో చుక్కనూ ఉన్నదున్నట్టు చదరంగా పెంచే పద్ధతి పెట్టాను. ఎంటర్ కొట్టాను. తెర నిండా ఒకే ఒక్క ప్యానెల్ వచ్చింది. మూడింట రెండు భాగాలు బూడిద రంగు, మిగతా ఒక భాగం పై నుంచి కింది దాకా తెల్లగా, అంచు కత్తితో కోసినట్టు తిన్నగా. రెండో ప్యానెల్ మామూలుగా ఉంది. మూడోదానిలో మళ్లీ అదే పట్టీ. రెండు వరుసల్లో అలాంటివి ఇరవై ఆరు లెక్క తేలాయి.

"దుమ్ముకి స్కేలు పెట్టి గీత గీసేది రాదు కదా అక్కా," అన్నాడు చందన్. ఆ మాటకు వాణ్ణి ముద్దు పెట్టుకోవాలనిపించింది గానీ, ఊరుకున్నాను.

పట్టీలు ఎందుకొచ్చాయో ఎలక్ట్రీషియన్ దాసన్న ఫోన్‌లో చెప్పాడు. ప్యానెల్ వెనక చిన్న డబ్బాలో మూడు డయోడ్‌లుంటాయట. ఒకటి మాడిపోతే ప్యానెల్‌లో మూడో వంతు పని మానేసి ఊరికే వేడెక్కుతుందట. "మూడు వారాల కిందట తొమ్మిదో బ్లాకు పక్కనే పిడుగు పడింది కదమ్మా," అన్నాడు.

ఇంటికి వెళ్లి అమ్మకు అంతా చెప్పాను. పట్టీల సంగతి చెప్పేటప్పుడు గొంతు బాగానే ఉంది. మచ్చలు నా వల్లే వచ్చాయని చెప్పేటప్పుడు ఏడుపొచ్చింది.

"అంటే నన్ను దొంగను చేసింది నువ్వా?"

"ఊఁ."

"సోమవారం ఆ మాట అందరి ముందరా చెప్తావా?"

"చెప్తా. ఉద్యోగం పోతే పోనీ."

"పోనీ ఏంది పోనీ? తిక్కదానా! పోకుండా చెప్పు." అని, పొద్దున్నుంచి ముట్టని అన్నం పెట్టుకుని నాకూ కలిపి ముద్దలు పెట్టింది. కోపం పోలేదు, ముద్దలు పెద్దవిగా ఉన్నాయి.

సోమవారం పదకొండు గంటలకు కంటైనర్‌లో నిలబడడానికి చోటు లేదు. మధుకుమార్ పక్కనే కొత్త ముఠా మేస్త్రి కదిరప్ప కాగితాలతో సిద్ధంగా ఉన్నాడు. నేను లేచి మొదట నా తప్పు చెప్పాను. కమాండు నేను రాసింది, మచ్చలు నావి, తొమ్మిదో బ్లాకులో దుమ్ము లేదు. తర్వాత పట్టీల వీడియో పెట్టాను.

మధుకుమార్ చూశాడు. ఆ తర్వాత తల అడ్డంగా ఊపాడు.

"మొన్నటి వీడియో నువ్వే చేసినావు, అది తప్పంటావు. ఇదీ నువ్వే చేసినావు, ఇది సరి అంటావు. ఆమె మీ అమ్మ. నేను దేన్ని నమ్మేది?"

అడగాల్సిన మాటే. నాకు కోపం రాకపోవడం నాకే వింతగా ఉంది. "నన్ను నమ్మొద్దు సార్. మీ ముందరే చేస్తాను," అన్నాను.

హార్డ్ డిస్క్ తెచ్చి అసలు ఫైలు తీసిన తేదీ, గంట చూపించాను. నల్ల తెర టీవీ మీద పెట్టి, మొదట నా పాత లైను కొట్టాను. మచ్చలొచ్చాయి. అదే ఫైలుకి కొత్త లైను కొట్టాను. మచ్చలు పోయి పట్టీలొచ్చాయి. కదిరప్ప కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. అప్పుడు మధుకుమార్‌తో అన్నాను, "ఇప్పుడు మీరే ఏవన్నా నాలుగు ప్యానెళ్ల నంబర్లు చెప్పండి. ఏది చెడిందో, ఏది బాగుందో నేను ఈడ కూర్చోనే చెప్తా. దాసన్న మీటరు పెట్టి చూస్తాడు. ఒక్కటి తప్పయినా మా అమ్మ ముఠా, నేను, అందరం గేటు దాటి పోతాం."

అమ్మ ఉలిక్కిపడింది. ఆ పందెం ఆమెను అడిగి వేసింది కాదు. అయినా గొంతు సర్దుకుని, "పోతాం," అంది.

మధుకుమార్ నాలుగు నంబర్లు చెప్పాడు. ఒక్కొక్కటే కత్తిరించి చూశాను. మూడు చెడ్డవి, నాలుగోది మంచిది అన్నాను. అందరం తొమ్మిదో బ్లాకుకు నడిచాం. ఎండ మాడ్చేస్తోంది. దాసన్న ఆ వరుస ఆపుచేసి, వైర్లు విడదీసి, మొదటి ప్యానెల్‌కి మీటరు పెట్టాడు.

"నలభై అయిదు వోల్టులు రావల్ల," అన్నాడు. "ముప్పై ఉండాది."

రెండోది ముప్పై. మూడోది ముప్పై ఒకటి. ముఠాలో ఎవరో అప్పుడే ఈల వేశారు, అమ్మ వెనక్కి తిరిగి ఉరిమి చూసింది. నాలుగోదానికి దాసన్న మీటరు పెట్టాడు. ఆయనకు నంబరు కనిపిస్తోంది, మాకు కనిపించడం లేదు. మామూలుగానే నెమ్మది మనిషి, ఆ రోజు మరీ నెమ్మది.

"నలభై అయిదు."

అంతే. ఎనిమిది మందీ ఒక్కసారి కేకలు పెట్టారు. చందన్ టోపీ పైకి విసిరాడు, అది పోయి ప్యానెల్ మీద పడింది, దాన్ని తీయబోయి అమ్మ చేత తిట్లు తిన్నాడు. దాసన్న మొదటి ప్యానెల్ వెనక డబ్బా విప్పి చూపించాడు. లోపల డయోడ్ బొగ్గయిపోయి ఉంది. కదిరప్ప తన కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని, "ఇంత శుభ్రంగా ఉండేదాన్ని మేమేం కడిగేది సార్," అన్నాడు. అంత మంచి మాట ఆ మనిషి నోట వస్తుందని నేననుకోలేదు.

మధుకుమార్ నుదురు తుడుచుకున్నాడు. "తప్పాయ్తు వెంకటక్కా. రేపటి నుంచి మామూలుగా పనిలోకి రండి," అని ఆఫీసు వైపు రెండడుగులు వేశాడు.

"నిలబడప్పా," అంది అమ్మ.

సార్ అనలేదు. ఆయన నిలబడ్డాడు.

"మొన్న దొంగలని అనింది యాడ? ఆఫీసులో, ఎనిమిది మంది ముందర. తప్పు అని చెప్పేది ఇట్ల నడస్తా నడస్తానా? మా పాప తప్పు చేసింది, పొద్దున అందరి ముందరా నిలబడి చెప్పింది. దానికి ఇరవై మూడేండ్లు. నీకెన్ని?"

మధుకుమార్ ముఖం కందగడ్డలా అయింది. కానీ ఆయన వెనక్కి వచ్చాడు. ఎనిమిది మందికీ ఎదురుగా నిలబడి, చేతులు జోడించి, స్పష్టమైన తెలుగులో అన్నాడు. "మీరు కడిగినారు. సంతకం నిజమైనది. దొంగలన్నది నా తప్పు. క్షమించండి."

అమ్మ ఊఁ అని తల ఊపింది. అప్పుడు నా వైపు తిరిగింది. ఇక నా వంతు అనుకుని బిగుసుకున్నాను.

"ఆ ల్యాప్‌టాప్ ఈడికి తే. వీళ్లందరికీ చూపించు. బాగుండే ప్యానెల్ పెట్టు, చెడిపోయింది కాదు."

ట్రాక్టరు ట్యాంకరు నీడలో ల్యాప్‌టాప్ పెట్టాను. ఎనిమిది తలలు చుట్టూ మూగాయి. తెర నిండా ఒక్క ప్యానెల్, అంచు నుంచి అంచు దాకా ఒకే బూడిద రంగు, ఎక్కడా తేడా లేదు.

"దీంట్లో యాడన్నా మరక ఉండాదా?" అని అడిగింది అమ్మ.

"లేదమా."

"గట్టిగా చెప్పు. మొన్న ఊరికే అరిచినావు, చెప్పల్సిన మాట చెప్పలేదు."

"లేదు!" అని అరిచాను. "మా అమ్మ కడిగిన చోట ఒక్క మరక కూడా లేదు!"

మూడు రోజులుగా చుక్క నీరు పెట్టని మా అమ్మ కళ్లు అప్పుడు నిండాయి. కొంగుతో మొహం తుడుచుకుంటూ, "విన్నారా?" అంది పక్కవాళ్లతో. "నా కూతురు కంప్యూటర్లో చూసి చెప్తావుంది."